పేషెంటు తాలూకు

"పేషెంటు తాలూకు ఎవరండీ?"

ఐ.సి.యు. తలుపు జానెడు తెరుచుకుని ఈ పిలుపు వినబడగానే వరండాలోని వాళ్ళందరూ ఒక్కసారిగా లేచి నిలబడతారు. ఒకరు ముందుకు వెళతారు, తక్కినవారు మళ్ళీ కూర్చుంటారు. ఆ పిలుపు చాలావరకు మూడింటి కోసమే: మందుల చీటీ, సంతకం, డబ్బు.

మా నాన్నగారికి నెమ్ము చేసి హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చినప్పుడు, తొమ్మిది రోజులు నేను ఆ 'తాలూకు' మనిషినై గడిపాను. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు దర్శనం. (గుడి మాటే దీనికి సరిపోతుంది, చెప్పులు కూడా బయటే విడవాలి.) మూడోనాడు డాక్టరుగారు, "పెద్దాయన స్థిమితంగా లేరు, పిలిస్తే పలకటం లేదు, సూదులు పీకేస్తున్నారని చేతులు కట్టాం" అన్నారు. నాన్నగారికి ఎడమచెవి బొత్తిగా వినబడదు. కుడిచెవికి మిషను కావాలి. ఆ మిషనూ, కళ్ళజోడూ చేర్చుకున్ననాడే ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి నా చేతికిచ్చారు. మూడు రోజులుగా అవి తలుపుకు ఇవతల, నా ఒళ్ళోనే ఉన్నాయి. వారు అడగలేదు, నాకు తోచలేదు. మిషను పెట్టాక ఆయన మొదట అడిగిన మాట: "ఇది పగలా, రాత్రా?"

తీవ్రమైన జబ్బులో హఠాత్తుగా మతి తప్పే ఆ స్థితిని వైద్యులు డెలీరియం అంటారు. దాన్ని తగ్గించటానికి చెవి మిషనూ కళ్ళజోడూ అందుబాటులో ఉంచటం కూడా ఒక ఉపాయమని అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో ఉంది. కుటుంబీకులను రోగి పక్కన ఉండనివ్వాలని అదే సంఘం 2017లో సూచించింది. ఇదంతా దయాదాక్షిణ్యాల విషయమని నేను అనుకోవటం లేదు. రోగిని గురించి ఆస్పత్రికి తెలియని సమాచారం కుటుంబం దగ్గర ఉంటుంది. అదీ చికిత్సలో భాగమే.

ఇన్ఫెక్షన్ మాటేమిటని అడుగుతారు. బ్రెజిల్‌లో 36 ఐ.సి.యు.లలో, 1,685 మంది రోగులతో జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. రోజుకు 12 గంటల దాకా బంధువులను ఉండనిచ్చి, వారికి కొంత శిక్షణ కూడా ఇచ్చారు. డెలీరియం చెప్పుకోదగినంత తగ్గలేదు, నిజమే. కానీ ఇన్ఫెక్షన్లు పెరగలేదు, ఇంటివాళ్ళ ఆందోళన తగ్గింది. అంతకుముందు 2007లో ఫ్రాన్సు నుంచి వచ్చిన మరొక పరిశోధన నన్ను ఇంకా ఆలోచింపజేసింది. ఇక బతకరని తేలిన రోగుల కుటుంబాలతో వైద్యులు కూర్చుని మాట్లాడే పద్ధతిని మార్చి చూశారు. మామూలు సమావేశాల్లో ఇంటివాళ్ళు మాట్లాడింది సుమారు 5 నిమిషాలు, కొత్త పద్ధతిలో 14. మూడు నెలల తరవాత చూస్తే ఈ రెండో రకం కుటుంబాలే తక్కువ కుంగిపోయాయి.

మన దగ్గర వింత ఏమిటంటే, ప్రభుత్వాసుపత్రి వార్డులో ఇంటివాళ్ళే స్ట్రెచరు తోస్తారు, రక్తం సీసా ల్యాబుకు మోస్తారు, మూత్రం సంచి పారబోస్తారు. ఎవరూ ఏదీ నేర్పరు. కార్పొరేటు ఆస్పత్రిలో డబ్బు కట్టటం తప్ప ఏదీ చేయనివ్వరు. ఈ రెంటికీ మధ్య దారి లేదా? చేర్చుకునేటప్పుడే చెవి, కన్ను, కట్టుడుపళ్ళు, భాష, ముద్దుపేరు రాసుకునే ఒక కాగితం, ఇంటికొక మనిషి, ఆ మనిషికి చేతులు కడుక్కోవటం, పెదవులు తడపటం, కాళ్ళు కదిలించటం నేర్పటం, రోజూ చెప్పిన వేళకు పావుగంట మాట. నర్సుల మీద ఇప్పటికే మోయలేని బరువుందని తెలుసు. మన చుట్టాల సంగతీ తెలియనిది కాదు: ఒకరిని రమ్మంటే ఆరుగురు వస్తారు, ఏడో ఆయన ఇడ్లీలు తెస్తాడు. అందుకే ఒక్క మనిషి అంటున్నాను.

నాలుగోనాడు ఒక చిన్న వయసు నర్సు నా దగ్గర కాగితం అడిగి తీసుకుని, "ఎడమచెవి వినబడదు, కుడివైపు నిలబడి మాట్లాడండి" అని రాసి, దెబ్బలకు వేసే ప్లాస్టరుతోనే మంచం తలాపున అంటించింది. నాన్నగారిని వార్డుకు మార్చినప్పుడు దాన్ని ఊడదీసి మాతోపాటు పంపింది.