నీలి ఫొటోకి ఏ బల్బు?

పోయిన వానాకాలం భూపాలపల్లిలో, మా దోస్తు వాళ్ల సింగరేణి క్వార్టర్‌లో కూర్చొని తొమ్మిది కాగితాలు పాడు చేశాను. ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంకో పది రోజుల్లో మానుకోట దగ్గర ఓ బడిలో ముప్పై మంది పిల్లలతో ఇదే పని చేయిస్తానని మాటిచ్చి ఉన్నాను. (మహబూబాబాద్‌ను మావైపు ఇప్పటికీ మానుకోట అనే అంటారు.) సామాను మళ్లీ తెప్పించుకునే టైము లేదు, పైసలూ లేవు.

పని పేరు సయనోటైప్. ఇన్‌స్టాలో ముదురు నీలం మీద తెల్లటి ఆకుల బొమ్మలు చూసే ఉంటారు, అవే. కెమెరా అక్కర్లేదు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఒక గ్లాసులో, పొటాషియం ఫెర్రిసయనైడ్ ఇంకో గ్లాసులో నీళ్లతో కలిపి పెట్టుకోవాలి. వాడే ముందు రెండూ సమంగా కలిపి కాగితం మీద బ్రష్‌తో పూయాలి. ఆరాక పైన ఆకో, నెగటివో పెట్టి ఎండలో ఉంచి, మంచినీళ్లలో కడిగితే బొమ్మ వచ్చేస్తుంది. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు బొమ్మలతో ఏకంగా పుస్తకం మొదలుపెట్టింది. ఇంజినీర్లు వాడిన బ్లూప్రింట్ కూడా ఇదే. పేరులో సయనైడ్ ఉందని హడలిపోకండి. కాకపోతే గ్లవ్స్ వేసుకోండి, ఆ పొడి దగ్గరికి ఆసిడ్ మాత్రం రానీయొద్దు.

నా కాగితాలకు వచ్చిన రోగం ఏంటంటే, ఆకు ఉన్నచోట తెల్లగా ఉండాల్సింది లేత నీలంగా వచ్చింది. ఎంత కడిగినా పోదు. అంటే ఎండలో పెట్టకముందే కాగితానికి వెలుతురు తగిలిందన్నమాట. కానీ నేను జాగ్రత్తగానే ఉన్నాను కదా! సినిమాల్లో డార్క్‌రూమ్ చూసి, బజారుకెళ్లి ఎర్ర ఎల్ఈడీ బల్బు కొనుక్కొచ్చి, దాని కిందే పూశాను.

జనగామలో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లు బ్లాక్ అండ్ వైట్ స్టూడియో నడిపాడు, డిజిటల్ వచ్చాక మూసేశాడు. సయనోటైప్ ఆయన ఎప్పుడూ చేయలేదు. అయినా వేరే దిక్కు లేక హన్మకొండ మీదుగా బస్సెక్కి పోయాను. పాడైన కాగితాలు తిప్పి తిప్పి చూసి, ఒక్కటే అడిగాడు.

“ఎర్రలైటు కింద పూసినవ్, సరే. ఆరబెట్టిందెక్కడ బిడ్డా?”

“హాల్లో కాకా, ఫ్యాన్ కింద.”

“హాల్లో ఏం లైటుంది?”

ట్యూబ్‌లైట్. తెల్ల ఎల్ఈడీ. బయట ముసురు, కాగితం ఆరడానికి గంటకు పైనే పట్టింది. పూయడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం బల్బు కొన్నాను, ఆ గంట సంగతి ఆలోచించనే లేదు. పైగా తడిగా ఉన్నప్పటి కంటే ఆరిన కాగితమే వెలుతురును ఎక్కువ పట్టుకుంటుంది. అంటే ఆరిపోయాక ‘ఇంకా ఆరలేదేమో’ అని నేను వదిలేసిన ఆఖరి ఇరవై నిమిషాలే కొంప ముంచాయి.

ఇక్కడ రంగు సంగతి కొంచెం తెలుసుకోవాలి. సయనోటైప్ కాగితానికి కనబడేది అతినీలలోహిత కాంతి, ఊదా, నీలం. పసుపు, నారింజ, ఎరుపు దానికి దాదాపు చీకటే. కాబట్టి దీనికి ఎర్రలైటే కావాలని ఏమీ లేదు, పసుపు చాలు. పాత గాజు బల్బు, ఫిలమెంట్‌ది, మసక పసుపు వెలుతురు ఇస్తుంది చూడండి, అది హాయిగా సరిపోతుంది. అందులో నీలం చాలా తక్కువ. రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో నిజాం కోసం ఫొటోలు తీసిన రోజుల్లో ప్రింట్లు కూడా ఎండలోనే వేసేవారు. ఆ కాగితాలను సిద్ధం చేసుకోవడానికి నూనె దీపపు వెలుతురు సరిపోయేది.

ఇప్పుడు ఇళ్లల్లో ఆ బల్బులు లేవు. 2015లో ఉజాలా పథకం మొదలైనప్పటి నుంచి ఊరూరా ఎల్ఈడీలే. కరెంటు బిల్లుకు మంచిదే, కాగితానికి కాదు. తెల్ల ఎల్ఈడీ లోపల నిజానికి ఉండేది నీలం చిప్పు. సుమారు 450 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. దాని మీద పసుపు పౌడర్ పూస్తారు, రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. పాత గాజు ట్యూబ్‌లైట్ కూడా ఏం తక్కువ కాదు, అందులోని పాదరసపు ఆవిరి ఊదా, నీలం కాంతి ఇస్తుంది. మన ఫోన్ టార్చిలో ఉండేదీ తెల్ల ఎల్ఈడీనే. నేను పూస్తూ టార్చి వేసి నాలుగు నిమిషాల రీల్ తీశానని కాకాకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మరి ఎర్రబల్బు నిజంగా ఎర్రదేనా? దానికి పాత సీడీ ఒకటి చాలు. బల్బు వెలుతురు సీడీ మీద పడేలా పట్టుకొని వంచి చూడండి. రంగులు విడిపోయి కనిపిస్తాయి. ఎరుపు చార ఒక్కటే ఉంటే మంచిది. నీలం చార కూడా కనిపిస్తే అది తెల్ల బల్బుకు ఎర్ర డూమ్ తొడిగిన సరుకు. నాది అదృష్టవశాత్తు నిజమైన ఎరుపే. దసరా, దీపావళికి కట్టే సీరియల్ లైట్లలో ఎరుపు, పసుపు దండలు కూడా చాలావరకు బానే ఉంటాయి, కానీ చూసుకొని వాడండి.

సీడీ చెప్పేది రంగు మాత్రమే. ఎంతసేపు భరిస్తుందో చెప్పదు. దానికి కాకా రూపాయి బిళ్ల ఇచ్చాడు. పూసి ఆరిన కాగితం ముక్క మీద బిళ్ల పెట్టి, పని చేసేచోట, ఆ బల్బు కిందే అరగంటో గంటో వదిలేయాలి. తర్వాత ఎండలో పెట్టకుండా నేరుగా కడగాలి. కాగితమంతా తెల్లగా వస్తే బల్బు సేఫ్. చుట్టూ నీలం పట్టి, బిళ్ల ఉన్నచోట తెల్లటి గుండ్రం కనిపిస్తే కాదు. ఇంకో ముక్కను కూడా పూసి, పూర్తి చీకట్లో ఆరబెట్టి, కడిగి చూడమన్నాడు. అది కూడా నీలం పట్టిందంటే తప్పు లైటుది కాదు, కాగితానిదో మందుదో. ఈ రెండో ముక్క వేయకుండా లైటును తిట్టేవాళ్లే ఎక్కువ. నేనైతే కాగితం కంపెనీని కూడా తిట్టేశాను.

ఆయన ఎర్రలైటు గొడవ వేరు. బ్రోమైడ్ పేపర్ చాలా వేగంగా పట్టుకుంటుంది, కొన్ని రకాలకు పచ్చ కూడా తెలుస్తుంది. దాని దగ్గర పసుపు గాజు బల్బు పెడితే నాశనమే. సాల్ట్ ప్రింట్, వాన్‌డైక్ లాంటివి మాత్రం మన నీలి ఫొటో జాతే. గమ్ ప్రింట్ కూడా అంతే కానీ అందులో వాడే డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. ఇంట్లో వద్దు, పిల్లల దగ్గర అసలే వద్దు.

వచ్చేటప్పుడు కాకా తన డబ్బాలోంచి ఒక జీరో బల్బు తీసి ఇచ్చాడు. పేరుకే జీరో, పదిహేను వాట్లు తాగుతుంది. క్వార్టర్‌లో దాన్ని ఆరడుగుల దూరంలో పెట్టి బిళ్ల పరీక్ష చేశాను. గంట తర్వాత కడిగితే తెల్లగా ఉంది. హాల్లో ట్యూబ్‌లైట్ కింద ఇరవై నిమిషాలకే గుండ్రం తేలింది.

మానుకోట బడిలో స్టోర్‌రూమ్ ఇచ్చారు. కిటికీకి మొదట దుప్పటి కడితే దాంట్లోంచి పగటి వెలుతురు వస్తూనే ఉంది. దాని మీద పుస్తకాలకు అట్టలేసే ఖాకీ కాగితం రెండు పొరలు అంటించాం. ముందురోజు సాయంత్రమే జీరో బల్బు కింద పూసి, ఆఫీసులోని పాత ఇనప బీరువా ఖాళీ చేయించి, అరల్లో పరిచి, తలుపు మూశాం. ఫ్యాన్ లేదు కాబట్టి రాత్రంతా పట్టింది. చీకట్లో ఎంతసేపు పడితే ఏం?

పొద్దున పిల్లలు చింతాకు, వేపాకు, మిరప కొమ్మలు తెచ్చారు. మబ్బుగా ఉండటంతో ఒక్కోటి అరగంట ఉంచాల్సి వచ్చింది. బకెట్లో ముంచగానే పసుపుపచ్చ కరిగిపోయి చింతాకు ఒక్కో రెక్కా తెల్లగా తేలింది.

“సార్, ఇది మా ఇంట్ల గోడకు పెడితే ఎల్శిపోతదా?” అని ఒక పాప అడిగింది.

ఎండ సూటిగా తగిలితే కొంచెం వెలుస్తుంది, కొన్నాళ్లు చీకట్లో పెడితే మళ్లీ ముదురుతుంది అన్నాను. సబ్బునీళ్లతో మాత్రం తుడవొద్దన్నాను.

ముప్పైరెండు పూశాం, మూడు చెడ్డాయి. మూడూ పై అరలోవే. బీరువా తలుపు పైన వేలు పట్టేంత సందు ఉంది, తెల్లారాక చూశాను.