గాజుగృహాల పునరుద్ధరణ: వాతావరణమే కొలమానం

చారిత్రక గాజుగృహాన్ని పునరుద్ధరించడమంటే తుప్పు తొలగించి, రంగు వేసి, పగిలిన అద్దాలు మార్చడం మాత్రమే కాదు. శీతల దేశాలలో సూర్యతాపాన్ని నిలిపి ఉంచడానికి రూపొందిన కట్టడమది. వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ఆ గుణమే మొక్కకు హాని చేస్తుంది. ఆకృతిని కాపాడుతూ పనితీరును మార్చడమే ఇక్కడ నిజమైన ఆధునికీకరణ.

ఇందుకు రెండు ఉదాహరణలు పరిశీలించదగినవి. లండన్‌లోని క్యూ ఉద్యానంలో టెంపరేట్ హౌస్ 1863లో ప్రారంభమైంది. దానిని 2013లో మూసివేసి, సుమారు 15,000 అద్దాలు మార్చి, 2018లో తిరిగి తెరిచారు. మొక్కలను ముందుగా తరలించి, వాటి నుంచి కొత్త మొక్కలను ప్రవర్ధనం చేయడం ఆ ప్రణాళికలో ప్రధానాంశం. బెంగళూరు లాల్‌బాగ్‌లో గాజుగృహానికి 1889లో శంకుస్థాపన జరిగింది. కప్పు గాజుదైనా కింది పక్కలు తెరచి ఉండడం వల్ల అందులో గాలి ధారాళంగా ఆడుతుంది. పుష్ప ప్రదర్శనలకు ఈ ఏర్పాటు సరిపోతుంది. కీటకాలను అడ్డుకోవలసిన పరిశోధనకు సరిపోదు.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది. ఇటువంటి కేంద్రాలలో గాజుగృహం అలంకారం కారాదు. పరిశోధన సాధనం కావాలి. పూత, కాయ దశలలో 35 డిగ్రీలు మించిన వేడి శనగ దిగుబడిని తగ్గిస్తుంది. నియంత్రిత గదులలో ఆ వేడిని కల్పించి, తట్టుకునే రకాలను గుర్తించవచ్చు. ఇటువంటి ప్రయోజనం లేని పాత కట్టడాన్ని వారసత్వ సంపదగా పరిరక్షించాలే గాని, అందులో శీతలీకరణ యంత్రాలు అమర్చడం వృథా వ్యయం.

నిర్మాణంలో మొదటి ప్రాధాన్యం గాలికే. శిఖరాన, పక్కల గాలి కిటికీలు ఉండాలి. కీటక నిరోధక వల గాలి వేగాన్ని తగ్గిస్తుంది గనుక వాటి వైశాల్యాన్ని ఆ మేరకు పెంచాలి. ఫ్యాన్-ప్యాడ్ పద్ధతి పొడి వేసవిలో బాగా చల్లబరుస్తుంది. తేమ అధికమైన వానకాలంలో అంతగా పనిచేయదు. లవణాలున్న బోరు నీరు ప్యాడ్లపై పొర కడుతుంది. కప్పుపై పడే వాననీటిని నిల్వచేస్తే ఈ సమస్య తగ్గుతుంది. 100 చదరపు మీటర్ల కప్పుపై 1 మిల్లీమీటరు వర్షం పడితే 100 లీటర్లు చేరుతాయి. విద్యుత్తు ఆగిపోయినప్పుడు సైతం మొక్కలు బతికేలా కిటికీలు చేతితో తెరిచే వీలుండాలి.

పాతది కూల్చి పాలీహౌస్ కట్టడం చౌక అన్న వాదనలో కొంత నిజముంది. అయితే పాలిథీన్ పొరను కొన్నేళ్లకొకసారి మార్చక తప్పదు. గాజు దశాబ్దాలు నిలుస్తుంది. ఈ లెక్క పరిశోధన కేంద్రానికి వర్తిస్తుంది, రైతుకు కాదు. ఆళ్లగడ్డలో మిరప నారు పెంచే రైతుకు సాధారణ షేడ్‌నెట్ చాలు. విస్తరణ శాస్త్రవేత్తలు అతనికి చూపవలసింది గాజు కప్పును కాదు, లోపలి ఉష్ణోగ్రత నమోదులను, వాటి ఆధారంగా ఎంపికైన రకాలను.

పునరుద్ధరణ ప్రతిపాదనలో అద్దాల ధరతోపాటు విద్యుత్తు, నీరు, సిబ్బందికి కనీసం పదేళ్ల నిర్వహణ వ్యయం చూపాలి. ఆ కేటాయింపు లేని ప్రతిపాదనను విశ్వవిద్యాలయాలు ఆమోదించరాదు.