రోహిణికి అందని రూపాయి

రైతుకు పెట్టుబడి సాయంగా రైతుబంధు తెచ్చిన ముఖ్యమంత్రి కేసీఆర్ ఒకవైపు, అంతకన్నా ఎక్కువ ఇస్తామన్న కాంగ్రెస్ నేత రేవంత్‌రెడ్డి మరోవైపు. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఇద్దరూ వచ్చి కామారెడ్డిలో నిలబడ్డారు. డిసెంబర్ 3న ఓట్లు లెక్కపెడితే కేసీఆర్ ఓడారు, రేవంత్‌రెడ్డీ ఓడారు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. ఏడాదికి ఎకరానికి పది వేలు ఇచ్చినాయన, పదిహేను వేలు ఇస్తానన్నాయన ఇద్దరూ ఇక్కడి జనానికి పట్టలేదు. పక్కనున్న ఎల్లారెడ్డి మాత్రం కాంగ్రెస్‌ను గెలిపించింది. రైతుకు నగదు ఇవ్వడమంటే ఓట్లు కొనడమేనని టీవీ చర్చల్లో తేల్చేసేవాళ్లకు కామారెడ్డి ఫలితం ఎందుకో గుర్తుండదు.

సరే, ఓటు కొనలేదు. మరి ఆ డబ్బు ఇంట్లో ఏం చేస్తుంది?

ఎల్లారెడ్డి వైపు రెండున్నర ఎకరాల ఇల్లు ఒకటి అనుకుందాం. బోరు కింద ఎకరంన్నర వరి, మిగిలిన ఎకరంలో మక్క. రైతుబంధుకు ఇప్పటి పేరైన రైతు భరోసా లెక్కన ఎకరానికి ఆరు వేలు, అంటే పంటకు పదిహేను వేలు. డీఏపీ బస్తా 1,350 రూపాయలు. విత్తనాలు, దున్నకం కిరాయి, నాట్ల గుత్త, కలుపు కూళ్లు, మందులు, చివర్లో కోత మిషను. పంట మొత్తానికి పదిహేను వేలు ఏ మూలకూ రావు. మొదటి నెలకు మాత్రం సరిపోతాయి. ఆ మొదటి నెల ఎవరి పైసలతో గడిచిందన్నదాన్ని బట్టే పంట చేతికొచ్చేదాకా ఎవరి మాట చెల్లుతుందో తేలిపోతుంది.

ఎరువుల దుకాణం దగ్గర కాసేపు నిలబడితే ఈ సంగతి కళ్లారా కనిపిస్తుంది. నగదు తెచ్చినవాడు ధర అడుగుతాడు, బేరం చేస్తాడు, నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాడు. ఉద్దెరకొచ్చినవాడు పక్కకు జరిగి నిలబడతాడు. సేటు ఖాతా పుస్తకం తీసి అతని పేజీ తిప్పుతాడు. రైతు అడిగింది యూరియా, బండిలో పడేది యూరియాతో పాటు ఓ గుళికల ప్యాకెట్టు, ఓ సీసా. అవి వద్దనే ధైర్యం ఉద్దెర మనిషికి ఉండదు. నూటికి రెండు రూపాయల మిత్తి చొప్పున పదిహేను వేలకు ఆరు నెలలకయ్యేది 1,800. అది పెద్ద మొత్తం కాదు. అసలు నష్టం, పంట వచ్చాక ఎక్కడ అమ్మాలో తేల్చుకునే వీలు పోవడం. వడ్లకు సర్కారు కొనే ఐకేపీ కేంద్రాలున్నాయి కాబట్టి కొంత నయం. మక్క, సోయా, పత్తి వేసినవాళ్లకు మాత్రం అప్పు ఎవరి దగ్గరుంటే కాంటా కూడా వాళ్ల దగ్గరే.

అందుకే ఎంత ఇచ్చారన్నదాని కన్నా ఎప్పుడు ఇచ్చారన్నది ముందు చూడాలని నేనంటాను. మన రైతు కార్తెలు చూసి సేద్యం చేస్తాడు. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది, అప్పటికే విత్తనాల వేట మొదలవుతుంది. జూన్ 8కి మృగశిర. 22 వచ్చేసరికి ఆరుద్ర.

ఇప్పుడు సర్కారు క్యాలెండరు చూడండి. రైతుబంధు మొదలైంది 2018 మే 10న, హుజూరాబాద్ దగ్గర. ఎకరానికి నాలుగు వేల చొప్పున చెక్కులిచ్చారు. రోహిణికి ఇంకా పదిహేను రోజులుంది. అది ఎన్నికల ఏడాది అన్న మాట నిజమే, కానీ రైతుకు అంత సరైన వేళకు డబ్బు అందడం మళ్లీ జరగలేదు. తర్వాతి ఏడాది ఐదు వేలకు పెంచారు. మొత్తం పెరిగింది, తేదీ జారింది. వానాకాలం డబ్బు వేయడం 2021లో జూన్ 15న మొదలైంది, 2022లో జూన్ 28న, 2023లో జూన్ 26న. అదీ ముందు ఎకరం లోపు వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు, అలా వరసగా. అంటే చివరి రెండేళ్లూ చాలామందికి ఆరుద్ర కూడా సగం గడిచాకే.

2023 నవంబర్‌లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు యాసంగి పంపిణీకిచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం వెనక్కి తీసుకుంది. కొత్తగా కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక ఆ యాసంగి డబ్బులు కొందరికి 2024 మేలో గానీ పడలేదు. అప్పటికి వరి కోతలే అయిపోయాయి. ఆ ఏడాది వానాకాలానికి అసలు రానే లేదు. 2025 జనవరి 26న పేరు మారి రైతు భరోసా అయింది, మాటిచ్చిన పదిహేను వేలు పన్నెండు వేలయ్యాయి. ఆ జూన్‌లో మాత్రం తొమ్మిది రోజుల్లో దాదాపు తొమ్మిది వేల కోట్లు ఖాతాల్లో వేశారు. తొమ్మిది రోజుల్లో చేయగలమని చూపించుకున్నాక, ఆ తొమ్మిది రోజులను మే నెలలోకి జరపడానికి అడ్డేమిటో అర్థం కాదు. ఖజానా ఇబ్బందులు ఉంటాయి, కాదనను. రోహిణి ఎప్పుడొస్తుందో ఆర్థిక శాఖకు ముందే తెలుసు కదా.

ఆలస్యంగా వచ్చిన డబ్బు తాగుడుకే పోతుందనేవాళ్లున్నారు. ఆ మాట నేనొప్పుకోను. జూన్ 12కు బడులు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, బస్ పాస్, ముసలమ్మ మందులు అన్నీ ఆ నెలలోనే. ఆరుద్రలో పడ్డ డబ్బు అటు పోతుంది, తప్పేమీ లేదు. సేటు బాకీ మాత్రం దీపావళి దాకా అలాగే ఉంటుంది. వేళకు పడితే సంగతి వేరు. మధ్యప్రదేశ్ పల్లెల్లో 2011, 2012 సంవత్సరాల్లో ‘సేవా’ (SEWA) అనే మహిళా సంఘం, యునిసెఫ్ కలిసి ఏ షరతూ లేకుండా నెలనెలా నగదు ఇచ్చి చూశాయి. జనం గొడ్డూ గోదా కొన్నారు, విత్తనాలు కొన్నారు, సొంత పొలంలో ఎక్కువ రోజులు పనిచేశారు. ఇచ్చిందేమీ పెద్ద మొత్తం కాదు, పెద్దలకు నెలకు రెండు మూడు వందలే. కానీ నెల నెలా వచ్చింది.

వేళకు వచ్చే రూపాయి విలువ కామారెడ్డి జిల్లాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ చాలా ఇళ్లలో బోరు వెనక దుబాయి ఉంటుంది, వంటింటి వెనక బీడీ చాట ఉంటుంది. గల్ఫ్ నుంచి కొడుకు పంపే డబ్బు, బీడీ కార్మికురాలి 2,016 రూపాయల పెన్షను ఓ వారం అటూ ఇటూ అయినా వస్తాయని తెలుసు కాబట్టి ఇల్లాలు వాటిని నమ్ముకుని చీటీ వేస్తుంది. రైతు భరోసాను నమ్ముకుని చీటీ వేసిన ఇల్లాలు ఎవరైనా ఉంటే ఆమె ధైర్యానికి దండం పెట్టాలి.

ఇంతవరకూ చెప్పింది పట్టా ఉన్నవాళ్ల సంగతి. కౌలు రైతుకు వేళ గొడవే లేదు, ఎందుకంటే అతనికి ఎప్పుడూ రాలేదు. పాసుబుక్కు హైదరాబాద్‌లో ఉన్నా, నిజామాబాద్‌లో ఉన్నా సాయం పాసుబుక్కుకే వెళ్తుంది. నాగలి పట్టినవాడు ఆసామికి కౌలు ముందే కట్టి, పెట్టుబడంతా ఉద్దెర తెచ్చుకుంటాడు. సర్కారు ఇస్తోంది కదా అని కౌలు తగ్గించిన ఆసాములు ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా ఐదు లక్షలు కూడా పట్టాదారుకే. కౌలు రైతు చనిపోతే అతని భార్యకు ఆ ఐదు లక్షలూ లేవు. కౌలు రైతులకూ ఇస్తామన్నది కాంగ్రెస్ ఎన్నికల మాట. చివరికి వచ్చింది భూమి లేని కూలీ కుటుంబాలకు ఆత్మీయ భరోసా, అదీ ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పనిచేసి ఉండాలన్న షరతుతో. కౌలు చేసేవాడు సొంత మడి వదిలి ఉపాధి పనికి ఎప్పుడు పోవాలి?

దారి లేక కాదు. కౌలు రైతులకు గుర్తింపు కార్డులివ్వాలన్న చట్టం 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చింది. కాగితం మీద పేరు పడితే 1950 నాటి కౌలుదారీ చట్టం కింద భూమి చేజారిపోతుందని ఆసాములు భయపడ్డారు, అధికారులు ఊరుకున్నారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పదకొండు నెలల సాగు హక్కు పత్రం అంటూ ఆ భయానికి ఒక మందు కనిపెట్టింది. అక్కడా అందరికీ అందలేదు, కానీ కొందరికైనా అందింది. ఒడిశా ‘కాలియా’ పథకంలో భూమి లేని ఇళ్లనూ చేర్చింది. మనం మాత్రం కౌలు మాట ఎత్తితే ఆసామి ఓటు పోతుందని లెక్కలు వేసుకుంటున్నాం.

నగదు సాయం అన్నింటికీ మందు కాదన్న సంగతి 2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాకే తెలిసొచ్చింది. ఆ రోజు కురిసిన వానకు పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది, వాగుల వెంట వరి పొలాలు ఇసుక మేటల కింద పడ్డాయి. ఇసుక ఎత్తించి మళ్లీ మడి కట్టుకోవడానికి అయ్యే ఖర్చు ముందు ఎకరానికి పది వేల పరిహారం ఏ పాటిది? 2020లో కేంద్ర పంటల బీమా నుంచి రాష్ట్రం బయటికొచ్చింది. పెట్టుబడి సాయం ఇస్తున్నాం కదా, బీమా ఎందుకన్న ధోరణి అప్పటిది. అది తప్పు. రెండింటి పనీ వేరు.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. ఎకరానికి ఇంకో వెయ్యి పెంచే మాట తర్వాత చూద్దాం. వానాకాలం డబ్బు మే 25 లోగా, యాసంగి డబ్బు నవంబర్ 15 లోగా సాగు చేసేవాడి ఖాతాలో పడాలని ఉత్తర్వు ఇవ్వండి. దాటితే దాటిన ప్రతి రోజుకూ మిత్తి కలిపి ఇవ్వండి. రైతు వాయిదా తప్పితే బ్యాంకులు చేస్తున్నదీ అదే.