తెలిసిన లెక్కను మరల అడుగుట యేల?

పన్ను చెల్లించుట పౌరుని ధర్మము. ఇందు వివాదము లేదు. కాని ప్రభుత్వము తనకు తెలిసిన లెక్కనే పౌరునిచేత మరల చెప్పించుట, చెప్పనివానిని దండించుట ఏ ధర్మము?

అమలాపురమున పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయుని సంగతి చూడుడు. ఆయన పింఛనునుండి పన్నును ఖజానావారే కోయుదురు. డిపాజిట్టుపై వడ్డీ ఎంతయో బ్యాంకువారు పాన్ సంఖ్యతో సహా ఆదాయపు పన్ను శాఖకు తెలుపుదురు. వీనినన్నిటిని గూర్చి శాఖవారు 2021 నుండి వార్షిక సమాచార పత్రమును సిద్ధము చేయుచున్నారు. అయినను ఆయన కంప్యూటరు దుకాణమునకు పోయి, రుసుమిచ్చి, ఆ యంకెలనే మరల విన్నవించుకొనవలెను. గడువు దాటెనా, అయిదువేల రూపాయల వరకు ఆలస్యపు రుసుము! హెచ్చుగా కోసిన సొమ్ము తిరిగి రావలెనన్నను రిటర్ను వేయవలసినదే. ఫారమును తామే చాలవరకు నింపియుంచుచున్నామని శాఖవారందురు. నింపగలిగినవారు ముగింపలేరా?

1857 తిరుగుబాటు అనంతరము ఖజానా లోటు పూడ్చుటకై జేమ్సు విల్సను 1860లో ఈ పన్నును మన దేశమున ప్రవేశపెట్టెను. ఆ ఆంగ్లేయులే తమ దేశమున 1944లో జీతమునుండియే పన్ను కోయు పద్ధతిని నెలకొల్పుకొనిరి. నేడచ్చటి ఉద్యోగులలో పెక్కుమందికి రిటర్నుతో పని లేదు. మనకు కోత వచ్చినది, రిటర్ను పోలేదు. రెండు పగ్గములును మన మెడకే!

రిటర్ను లేనిచో ఆదాయము దాచువారు హెచ్చుదురని కొందరందురు. దాచుటకు వీలున్నవారిని అడుగుడు, మేము కాదనము. మావంటి న్యాయవాదుల ఫీజు, రాజోలు వర్తకుని లాభము, కొత్తపేట ఇంటి యజమానికి వచ్చు అద్దె చెప్పినగాని పూర్తిగా తెలియవు. కొబ్బరితోట ఆదాయముపై కేంద్రమునకు పన్ను లేదు. అయినను తక్కిన ఆదాయముపై రేటు నిర్ణయించుటకు అదియు లెక్కకు వచ్చును గనుక, తోట గలవాడు తెలుపవలసినదే. కాని జీతము, పింఛను, వడ్డీ తప్ప వేరెరుగనివాడు దాచునదేమి?

75 ఏండ్లు నిండి, పింఛనును అదే బ్యాంకులోని వడ్డీయును తప్ప అన్యాదాయము లేని వృద్ధులకు, బ్యాంకే పన్ను కోసినచో రిటర్ను అక్కరలేదని 2021లో ప్రభుత్వమే అంగీకరించెను. 75వ యేట న్యాయమైనది 60వ యేట అన్యాయమగునా?

మేము కోరునది స్వల్పము. ఇట్టివారి లెక్కను శాఖయే కట్టి, తెలుగులో వ్రాసి ఇంటికి పంపవలెను. సమ్మతించినవాడు ఊరకుండును, తప్పు కన్నవాడు, శాఖకు తెలియని మినహాయింపు గలవాడు అభ్యంతరము చెప్పును, అప్పుడు ఋజువు భారము శాఖపై నుండవలెను. అదనముగా కోసినదానిని అడుగకయే తిరిగి ఈయవలెను. పఠనమందిరములందు ఈ విషయమును చర్చించి, తీర్మానములను మన పార్లమెంటు సభ్యునకు పంపుడు.