అణకువకు కొలబద్ద ఎవరి చేతిలో?

సినిమా తారలు క్రైస్తవ యువతకు ఆదర్శం కారాదనీ, తెరమీది దుస్తులూ నృత్యాలూ అణకువను చెరుపుతున్నాయనీ చర్చి వేదికలమీద వినబడే ప్రసంగం కొత్తది కాదు. అయితే ఆ ప్రసంగం అప్పుడప్పుడు వేదిక దిగి, ప్రభుత్వానికి పెట్టుకొనే అర్జీ రూపం ధరిస్తుంది. 2025 ఆగస్టులో 'పరమ్ సుందరి' అనే హిందీ చిత్రం ప్రచార దృశ్యాలలో నాయికానాయకుల సరసాన్ని చర్చి లోపల చూపారని ముంబైలోని ఒక క్రైస్తవ సంస్థ సెన్సారు బోర్డుకు లేఖ రాసి, ఆ దృశ్యాన్ని తొలగించాలని కోరింది. ప్రార్థనా స్థలంలో సరసమేమిటని నొచ్చుకొనే హక్కు భక్తులకు ఉంది. దానితో నాకు పేచీ లేదు. ఆ నొప్పి తీర్చమని ఎవరి తలుపు తడుతున్నారన్నదే నా అభ్యంతరం.

ఆ లేఖకు కొద్ది వారాల ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. జూలై 25న, భిలాయి పొరుగునే ఉన్న దుర్గ్ రైల్వే స్టేషనులో కేరళకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులను రైల్వే పోలీసులు అరెస్టు చేశారు. నారాయణపూర్ ప్రాంతపు ముగ్గురు ఆదివాసీ యువతులను పని నిమిత్తం ఆగ్రాకు తీసుకువెళ్లడానికి వారు అక్కడికి వచ్చారు. బజరంగ్ దళ్ కార్యకర్తలు చుట్టుముట్టారు. మానవ అక్రమ రవాణా, మతమార్పిడి అభియోగాలు మోపబడ్డాయి. తాము ఇష్టపూర్వకంగానే బయలుదేరామని యువతులు చెప్పారు, తమ సమ్మతితోనే పంపామని కుటుంబాలు చెప్పాయి. అయినా బిలాస్‌పూర్‌లోని ప్రత్యేక న్యాయస్థానం ఆగస్టు 2న బెయిలు ఇచ్చేదాకా ఆ సన్యాసినులు జైలులోనే ఉన్నారు. తమను కొట్టారనీ, దుర్భాషలాడారనీ ఆ యువతులు తరువాత ఆరోపించారు.

క్రైస్తవ సంప్రదాయం స్త్రీకి నిర్దేశించిన అణకువకు సన్యాసిని వేషం కన్నా పరిపూర్ణమైన రూపం మరొకటి లేదు. ఆ వేషం దుర్గ్ ప్లాట్‌ఫారం మీద ఎవరినీ కాపాడలేదు. 2021 మార్చిలో ఢిల్లీ నుంచి ఒడిశాకు ప్రయాణిస్తున్న సన్యాసినులను ఝాన్సీలో రైలు నుంచి దింపినప్పుడు, వారు ఆ వేషం వదలి మామూలు దుస్తులలో ప్రయాణం కొనసాగించవలసి వచ్చిందని వార్తలు వచ్చాయి. అణకువగా కప్పుకున్న స్త్రీకి సమాజం గౌరవమిస్తుందని పిల్లలకు బోధించే పెద్దలు ఈ రెండు స్టేషన్ల సంగతి కూడా వారికి చెప్పాలి.

భిలాయి పేరు వినగానే మనకు 1950లలో సోవియట్ సహకారంతో వెలసిన ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తుంది. పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు గుర్తుకొస్తాయి. ఆ కుటుంబాలలో క్రైస్తవులూ ఉన్నారు. వారి పిల్లలకు ఆదర్శమూర్తి కావలసివస్తే ముంబై తారలదాకా వెళ్లనక్కరలేదు. ఆ పట్టణానికి 14 కిలోమీటర్ల దూరంలోని గనియారీలో పుట్టిన తీజన్ బాయి ఉన్నారు. ఆమె క్రైస్తవురాలు కారు, పాడేది భారతగాథ. కానీ అణకువ పేరిట స్త్రీని ఎలా శిక్షిస్తారో తెలియడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఆ చుట్టుపక్కల దొరకదు. పండవానీని స్త్రీలు కూర్చుని పాడాలన్నది ఆచారం. దాన్ని వేదమతి శైలి అంటారు. నిలబడి, వేదికంతా కలయదిరుగుతూ, పాత్రలలోకి ప్రవేశించి గర్జించే కాపాలిక శైలి పురుషుల సొత్తు. తీజన్ బాయి నిలబడ్డారు. చేతిలోని తంబూర ఒక క్షణం భీముని గద, మరుక్షణం అర్జునుని ధనుస్సు. పదమూడేళ్ల ప్రాయంలో తొలి ప్రదర్శన ఇచ్చారు, ప్రతిఫలం పది రూపాయలు. ఆడది పాడడమేమిటని కులం ఆమెను వెలివేసింది. ఆ వెలి వెనుక ఉన్న వాదన మన ప్రసంగీకులు వాడుతున్నదే: మంచి ఇంటి ఆడది నలుగురిలో అలా కనబడదు. తరువాత ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. వెలివేసిన పెద్దల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

సినిమా క్రైస్తవులకు అన్యాయం చేయలేదని నేననడం లేదు. దశాబ్దాలపాటు హిందీలోనూ తెలుగులోనూ క్లబ్బు నర్తకికి లిల్లీ అనో రోజీ అనో పేరు పెట్టి, గౌను తొడిగి, చేతికి గ్లాసు ఇచ్చారు. కథానాయిక చీరకు పవిత్రత అంటగట్టడానికి ఆ గౌనుకు మలినం అంటించారు. ఆఫీసులలో, ఆస్పత్రులలో పనిచేసిన ఎందరో క్రైస్తవ స్త్రీలు ఆ చూపుల బరువు మోశారు. దీనిమీద రావలసినంత కోపం మన చర్చిలలో రాలేదు. చాలామంది పెద్దలు ఆ తూకాన్నే అంగీకరించి, "మన పిల్లలు అలా కాదు" అని నిరూపించుకోవడంలో మునిగిపోయారు.

నిషేధాల చరిత్రకు మన రాష్ట్రమే సాక్షి. 2006 జూన్‌లో క్రైస్తవ సంస్థల అభ్యంతరాలను ఆధారం చేసుకుని రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 'ది డావిన్సీ కోడ్' చిత్రాన్ని ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించింది. సెన్సారు బోర్డు అప్పటికే పెద్దలకు మాత్రమే అని అనుమతించిన చిత్రమది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం చిత్రమైనా చూడకుండా అభ్యంతర లేఖల మీదనే ఆధారపడిందని తప్పుపట్టింది. ఆనాడు నిషేధాన్ని విజయంగా భావించినవారు ఒక సంగతి గమనించలేదు. మనోభావాలు గాయపడ్డాయన్న ఒక్క మాటతో ప్రభుత్వం కదలాలని మనమే అడిగితే, రేపు దుర్గ్ స్టేషనులో గుంపు అదే మాట పలుకుతుంది. దాని మనోభావాలకు సన్యాసిని ప్రయాణమే గాయం. ఆ గుంపుకు సంఖ్యాబలం ఉంది, మతస్వేచ్ఛ చట్టం ఉంది, పిలిస్తే పలికే పోలీసులున్నారు. రెండున్నర శాతం కూడా లేని సమాజం ఈ ఆటలో గెలవగలనని ఎలా అనుకుంటుందో నాకు బోధపడదు.

ఇక అణకువను గురించి తరచూ ఉదహరించే లేఖనం సంగతి. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయాన్ని ఒకసారి తీరికగా చదవండి. అక్కడ అభ్యంతరం బంగారం మీద, ముత్యాల మీద, మిక్కిలి వెలగల వస్త్రాల మీద, ఆడంబరపు జడల మీద ఉంది. గౌను మోకాలికి ఎన్ని అంగుళాల కింద ఉండాలన్న కొలత లేదు. పేదలు కూర్చున్న సభలో సంపద ప్రదర్శన కూడదన్న హెచ్చరికగానే నేను దాన్ని చదువుతాను. ఆ చదువు సరైనదైతే అణకువ తప్పినవారిని వెతకడానికి సినిమా హాలుకు పోనక్కరలేదు. తెలుగు సువార్త చానళ్లు పెట్టండి: రంగురంగుల దీపాలు, విదేశీ సూట్లు, మెరిసే వాచీలు, వేదిక వెనుక కార్ల వరుస, ఎదుట నేలమీద దశమభాగం కవరుతో కూర్చున్న కూలి స్త్రీలు. అది కూడా వినోద పరిశ్రమే, అక్కడా తారలున్నారు, వారిని అనుకరించే యువకులూ ఉన్నారు. వారి గురించి సెన్సారు బోర్డుకు కాదుగదా, సంఘ పెద్దలకైనా లేఖ రాసినవారిని నేనింకా చూడవలసే ఉంది.