బడి ఇంటికొస్తే అమ్మ ఎక్కడికెళ్ళాలి?

పోయిన ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో డాలస్ శివార్లలో ఉంటున్న మా చెల్లెలింట్లో ఆరు వారాలు ఉండి వచ్చాను. వంటగదిని ఆనుకుని వాళ్ళకొక పొడవాటి బల్ల ఉంది. ఉదయం ఏడున్నరకి ఇడ్లీ పళ్ళాలు తీసి, తడిగుడ్డతో తుడిచి, ఎనిమిదికల్లా అదే బల్లమీద మూడు తరగతుల పుస్తకాలు పరుస్తుంది చెల్లి. పద్నాలుగేళ్ళ పిల్లకి ఆల్జీబ్రా, పదకొండేళ్ళవాడికి వ్యాకరణం, ఏడేళ్ళవాడికి చేతిరాత. పన్నెండింటికి పుస్తకాలు తీసి మళ్ళీ పళ్ళాలు. గోడమీద అమెరికా పటం, పక్కన పది ఆజ్ఞలు, కిందుగా చెల్లి తన చేత్తో గీసి రంగులు వేసిన ఆవర్తన పట్టిక. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఈడీ చేసి, పెళ్ళికి ముందు గుంటూరులో మూడేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి మరి.

“నాకు ఉద్యోగం లేదనుకోకక్కా. ఈ బడికి టీచర్నీ నేనే, ప్రిన్సిపాల్నీ నేనే, ఆయానీ నేనే” అని నవ్వింది. జీతమెంత అని నేనడగలేదు. అడగాల్సింది.

ఆ ఆదివారం వాళ్ళ తెలుగు సంఘంలో ఆరాధన తర్వాత ఒక చర్చ పెట్టారు. క్రైస్తవ పిల్లలు పబ్లిక్ స్కూలుకి వెళ్ళాలా, ఇంట్లోనే చదవాలా? అక్కడ పబ్లిక్ స్కూలంటే మన సర్కారు బడి. దాదాపు రెండు గంటలు మాట్లాడారు, అందరూ మగవాళ్ళే. విశ్వాసం పాడవుతుందన్నారు, పరిణామవాదం నేర్పుతారన్నారు, బడిలోంచి దేవుణ్ణి వెళ్ళగొట్టారన్నారు, తుపాకుల గురించి చెప్పారు. ఇంటి చదువుకి చేతులెత్తినవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళం వెనక బిర్యానీ మూతలు తీస్తున్నాం. ఇంట్లో చదువు చెప్పేదెవరన్న ప్రశ్న ఒక్కరి నోటా రాలేదు. ఆకాశం నుంచి మన్నా కురిసినట్టు పాఠాలు కూడా కురుస్తాయనుకున్నారేమో!

ఈ చర్చ మనవాళ్ళు పుట్టించింది కాదు. 1970లలో ఇంటి చదువు గురించి గట్టిగా మాట్లాడినవాడు జాన్ హోల్ట్. ఆయన మతం కోసం మాట్లాడలేదు. బడి పిల్లల్ని మరబొమ్మల్లా తయారుచేస్తోందన్నది ఆయన ఫిర్యాదు. 1980లలో ఇవాంజెలికల్ క్రైస్తవులు ఆ ఉద్యమాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1983లో ‘హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్’ పెట్టి కోర్టుల్లో, శాసనసభల్లో పోరాడారు. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లో ఇంటిబడిని ప్రైవేటు బడితో సమానమంది. పిల్లల్ని బడిలో అసలు చేర్చకపోతే అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పరీక్షలు లేవు, చెప్పేవాళ్ళకి అర్హత అక్కర్లేదు. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం – ఈ ఐదూ నేర్పితే చాలు. ఆ ఐదింటిలో సైన్సు లేదు. మా చెల్లి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ అని ఇందాకే చెప్పాను.

వాళ్ళ వాదనల్లో దేన్నీ తేలిగ్గా తోసెయ్యను. బడిలోంచి దేవుణ్ణి వెళ్ళగొట్టారన్నది మాత్రం అబద్ధం. 1962, 1963 తీర్పులు చెప్పిందల్లా బడే పూనుకుని ప్రార్థన చేయించకూడదు, బైబిలు పారాయణం చేయించకూడదని. పిల్ల తనంతట తను ప్రార్థన చేసుకుంటే ఎవరూ ఆపరు. 1984 చట్టం, దాన్ని సమర్థించిన 1990 తీర్పు పుణ్యమా అని, వేరే విద్యార్థి క్లబ్బుల్ని అనుమతించే హైస్కూలు బైబిలు క్లబ్బుని కాదనడానికి వీల్లేదు. జెండా స్తంభం చుట్టూ పిల్లలు చేతులు పట్టుకుని ప్రార్థించే ఆనవాయితీ 1990లో మొదలైంది కూడా డాలస్‌కి దగ్గర్లోని బర్ల్‌సన్‌లోనే.

ఇక్కడ మనవాళ్ళని ఒక మాట అడగాలి. మన ఊళ్ళో సర్కారు బడిలో సరస్వతీ పూజ చేయిస్తే, చెప్పులు విప్పి ఒక మూల నిలబడి ఏం చెయ్యాలో తెలియక బిక్కమొహం వేసిన పిల్లల్లో నేనూ ఉన్నాను. బడికి మతం ఉండకూడదని అప్పుడు మనమే కదా అన్నాం? 2025లో టెక్సాస్ ప్రభుత్వం ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలు వేలాడదీయాలని చట్టం చేస్తే, వెంటనే కోర్టులో దావాలు పడ్డాయి. మన సంఘంలో మాత్రం చప్పట్లు మోగాయట. పక్క బెంచీలో ఉన్న హిందూ పిల్ల, ముస్లిం పిల్లాడు ఏ మూల నిలబడాలి? మైనారిటీగా ఉన్నప్పుడు ఒక న్యాయం, సముద్రం దాటి మెజారిటీలో కలిశాక ఇంకో న్యాయమా?

తుపాకుల భయం వేరు. 2022 మేలో అదే టెక్సాస్‌లో, యువాల్డీ ఊరి బడిలో 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ కాల్చి చంపారు. ఆ తర్వాత బిడ్డని గుమ్మం దాటించడానికి వణికిన తల్లితో నాకు వాదన లేదు. నల్లజాతి తల్లులతోనూ లేదు. అమెరికా సెన్సస్ బ్యూరో సర్వే ప్రకారం 2020 వసంతకాలంలో బడి ఈడు పిల్లలున్న నల్లజాతి కుటుంబాల్లో 3.3 శాతం ఇంట్లో చదువు చెప్పుకుంటున్నామన్నాయి. అదే ఏడాది చలికాలం రాకముందే అది 16.1 శాతమైంది. కోవిడ్‌తో పాటు బడిలో తమ పిల్లల్ని చూసే చూపు కూడా దానికి కారణమని చాలామంది చెప్పారు. ఆ చూపు ఎలాంటిదో మనకి తెలియదా?

నా పేచీ అంతా చాకిరీ దగ్గరే. అమెరికా విద్యాశాఖ 1999 సర్వే చూడండి. ఇంట్లో చదివే పిల్లల్లో 52 శాతం, తల్లిదండ్రులిద్దరూ ఉండి ఒక్కరే ఉద్యోగం చేసే కుటుంబాలవాళ్ళు. బడికెళ్ళే పిల్లల్లో అలాంటివాళ్ళు 19 శాతమే. ఇంట్లో ఉండిపోయిన ఆ రెండోమనిషి ఎవరో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. 2025లో టెక్సాస్ తెచ్చిన చట్టంతో ఇంటి చదువుకి ఒక్కో పిల్లకి ఏడాదికి 2,000 డాలర్ల దాకా ఇస్తారు. పుస్తకాలకి, సామగ్రికి, ట్యూషన్లకి. తల్లి జీతానికి మాత్రం కాదు. ఉద్యమం నడిపినవాళ్ళు ఈ సంగతి దాచలేదు కూడా. 1985లో మేరీ ప్రైడ్ రాసిన ‘ద వే హోమ్’ ఆ కుటుంబాల్లో చేతులు మారుతూ తిరిగిన పుస్తకం. స్త్రీవాదం మీద దండయాత్రే దాని పని. వాళ్ళు ఇంటికి తీసుకురావాలనుకున్నది పిల్లల్ని ఒక్కళ్ళనే కాదు.

మన ఆడపిల్లల సంగతికొస్తే వీసా కూడా వాళ్ళకే తోడ్పడింది. మా చెల్లి 2009లో హెచ్‌-4 మీద వెళ్ళింది. ఆ వీసా మీద అప్పట్లో ఉద్యోగం చేయడానికి అనుమతి లేదు. బీఈడీ పట్టా సూట్‌కేసులో అడుగునే ఉండిపోయింది. 2015 మేలో నిబంధన మారి, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళ భార్యలకి పని అనుమతి వచ్చింది. చెల్లికీ అర్హత వచ్చింది. టీచరు లైసెన్సు కోసం వివరాలు తెప్పించుకుంది. సరిగ్గా అప్పుడే పెద్దదానికి బడి ఈడు రావడం, సంఘంలో ‘క్రైస్తవ తల్లి పరిచర్య’ మీద వరసగా ప్రసంగాలు నడవడం. “ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు కదా” అన్నారట అందరూ. ఆరేళ్ళు ఆమెని ఇంట్లో కూర్చోబెట్టింది చట్టం. తలుపు తెరుచుకున్న ఏడాదే, ఇంట్లో కూర్చోవడం దేవుడిచ్చిన పిలుపయింది!

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం చూపిస్తారు, పిల్లలకి ఆజ్ఞలు నేర్పమని ఉందని. నిజమే, ఉంది. మోషే ఆ మాట చెప్పింది ఇశ్రాయేలు జనం మొత్తానికి. అది చదివి ఏ తండ్రినైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకోమని ఏ పాస్టరుగారైనా చెప్పగా మీరు విన్నారా? తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకే నుంచి వచ్చిందని మదర్స్ డే నాడు చెబుతారు. అదే తిమోతికి రాసిన మొదటి పత్రిక పట్టుకుని, స్త్రీ పురుషుడికి బోధించకూడదని మిగతా ఆదివారాలు చెబుతారు. కొడుక్కి పదిహేడేళ్ళు వచ్చేదాకా ఆల్జీబ్రా నుంచి అపొస్తలుల కార్యాల దాకా మా చెల్లి చెప్పొచ్చు. వాడికి మీసం గట్టిపడ్డాక గుడిలో వాడి ముందు నోరు విప్పకూడదు. ఇక యేసు ప్రభువు పన్నెండేళ్ళప్పుడు ఎక్కడున్నాడు? మూడు రోజులు ఇంటివాళ్ళకి కనబడకుండా, దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆ పేరాని ఇంటి చదువు మీటింగుల్లో ఎందుకు చదవరో!

పెద్దపిల్ల గురించి చెప్పాలి. చురుకైంది, నేను ఇచ్చిన పుస్తకమల్లా రెండు రోజుల్లో చదివేసింది. అమ్మ కూర తరిగేటప్పుడు చిన్నవాడికి చేతిరాత దిద్దించేది అది. వాడికి జ్వరమొస్తే దాని ఆల్జీబ్రా ఆగిపోతుంది. రెండోవాణ్ణి మాత్రం ఎవరూ పిలవరు, వాడికి సాయంత్రం సాకరుంది. దాని సైన్సు పుస్తకం తిరగేశాను. భూమి వయసు కొన్ని వేల ఏళ్ళేనట. గుంటూరులో చెల్లికి ఇష్టమైన పాఠం రేడియో ధార్మికత. అర్ధజీవితకాలం బోర్డు మీద గీతలు గీసి చెప్పేది, పిల్లలు పీరియడ్ అయిపోయినా కదిలేవాళ్ళు కాదు. “ఈ పుస్తకం నువ్వెలా చెబుతున్నావే?” అన్నాను. “ఆ అధ్యాయం దాన్నే చదువుకోమంటానక్కా” అంది.

ఇలాంటి ఇంటిబడుల్లో పెరిగిన అమ్మాయిలే ఇప్పుడు మాట్లాడుతున్నారు. 2000లలో కొన్ని వర్గాలు కూతురు పెళ్ళయ్యేదాకా తండ్రి నీడలోనే ఉండాలి, కాలేజీ వద్దని బోధించాయి. శాన్ ఆంటోనియోలోని విజన్ ఫోరమ్ అందులో ముందు వరసలో ఉండేది. భార్య కాని స్త్రీతో తనకి అనుచిత సంబంధం ఉందని దాని అధ్యక్షుడు ఒప్పుకుని 2013లో రాజీనామా చేశాక, ఆ సంస్థ మూతపడింది. అదే ఏడాది, ఇంట్లో చదివి పెరిగినవాళ్ళే ‘కోయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్’ అని పెట్టుకుని, పిల్లలకి కనీస రక్షణలైనా ఉండాలని అడగడం మొదలుపెట్టారు. 2015లో టెక్సాస్‌లో ఒకమ్మాయి ఇంట్లో పుట్టి, ఇంట్లో చదివి, ఇల్లు వదిలి వచ్చాక చూసుకుంటే జనన ధ్రువపత్రం లేదు, బడి రికార్డు లేదు. తను ఉన్నానని రుజువు చేసుకోవడానికి రాష్ట్ర చట్టమే మార్చాల్సి వచ్చింది. మా చెల్లెలి ఇల్లు అలాంటిది కాదు. కానీ చట్టం ఆ ఇంటినీ ఈ ఇంటినీ ఒకేలా చూస్తుంది, అంటే రెండింటినీ చూడదు. 1972లో ఆమిష్ పిల్లల కేసులో అమెరికా సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షం తీసుకున్నప్పుడు జస్టిస్ డగ్లస్ ఒక్కరే, పిల్లలకేం కావాలో వాళ్ళని కూడా అడగాలి కదా అన్నారు. యాభై ఏళ్ళు దాటింది. మన సంఘంలో ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళెవరూ పద్నాలుగేళ్ళ ఆ పిల్లని అడగలేదు.

నా కోపానికి ఇంకో కారణముంది. అది మా అమ్మమ్మ. ఆమె పల్లెలో బడీ గుడీ ఒకటే తాటాకు పాక. ఆరు రోజులు బడి, ఏడోరోజు గుడి. గుంటూరులో లూథరన్ మిషను 1842 నుంచీ ఉంది. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనులో క్లౌ దొర 1878లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు, ఎక్కువమంది మాదిగలు. మనవాళ్ళు దేవుడి కోసమే వెళ్ళారని కొందరు, గంజి కోసమే వెళ్ళారని కొందరు అంటారు. బడి కోసం కూడా వెళ్ళారని ఎందుకనరు? మా అమ్మమ్మ ఆ పాకలో అక్షరాలు దిద్ది, గుంటూరు బోర్డింగులో చదివి, బైబిల్ ఉమన్‌గా నెలజీతం తీసుకుంది. మా వంశంలో జీతం తీసుకున్న మొదటి మనిషి ఆడమనిషి. ఆమె తల్లి ఇంట్లో చదువు చెప్పగలిగేదా? ఆమెకి ఇల్లంటే కూలి దొరకని రోజు.

పల్లె పిల్లలు వచ్చి కూర్చుంటే ఊరివాళ్ళు తమ పిల్లల్ని మాన్పించిన సంగతి అమ్మమ్మ చెబుతుండేది. అమెరికాలోనూ ఆ కథ జరిగింది. 1954లో తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదవాలని తీర్పొస్తే, వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959 నుంచి 1964 దాకా సర్కారు బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలు ఐదేళ్ళు బడి లేకుండా ఉన్నారు. ఇంటి చదువంతా ఇందులోంచే పుట్టిందని నేననను, హోల్ట్ సంగతి చెప్పాను కదా. కానీ “చెడు సావాసం” అన్నమాట మన సంఘంలో వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఆ చెడు సావాసం మనమే.

కాబట్టి నాకు బడే కావాలి, దాని లోపాలతో సహా. కాదు, ఇల్లే కావాలంటారా? అయితే తండ్రి వారంలో మూడురోజులు ఆ బల్లదగ్గర కూర్చోవాలి. తల్లి పనికి లెక్క కట్టాలి, ఆమె పేర బ్యాంకులో వెయ్యాలి. కూతుర్ని అడగాలి. ఇవేవీ లేకుండా వేదిక మీద నిలబడి పరిచర్య అనకండి.

ఇది పత్రికకి పంపేముందు ఫోనులో చెల్లికి చదివి వినిపించాను. అక్కడ రాత్రి పదిన్నర, గిన్నెల చప్పుడు వినబడుతోంది. చివరిదాకా విని, “మీ మరిది గురించి రెండు ముక్కలున్నాయి, అవి తీసెయ్” అంది. తీసేశాను. “మిగతాది?” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నువ్వొచ్చి వెళ్ళాక ఇంకో రెండిళ్ళ పిల్లలు కూడా మంగళవారాలు మా బల్లదగ్గరికే వస్తున్నారు, ఐదుగురు. అది రాయలేదు నువ్వు” అంది.