ఐదు వేల మంది సైనికులు, మూడు ప్రశ్నలు

ఈ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యౌవనస్థుడు ఫోను పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, ఐరోపా దేశాలన్నీ కలిసి ఒకే సైన్యం పెడుతున్నాయంట. దానియేలు గ్రంథంలో చెప్పిన పది కొమ్ములు ఇవేనని ఈ వీడియోలో అంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ, "ఆ సంగతి తర్వాత అడుగుదువుగానిలే. కల్లంలో మిరపకాయలున్నాయి, మబ్బు పట్టింది, పద" అని తొందరపెట్టింది.

ఇద్దరి మాటలూ నా మనసులో మిగిలిపోయాయి. కొడుకు అడిగింది ఎక్కడో ఉన్న ఐరోపా గురించి. తల్లి భయం ఇక్కడి కల్లం గురించి. కానీ ఆలోచిస్తే రెండూ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఎవరు వస్తారు? ఎంత త్వరగా వస్తారు?

ముందు ఐరోపా సంగతి చూద్దాం. 2021 ఆగస్టులో కాబూల్ నగరం తాలిబన్ల చేతికి చిక్కినప్పుడు, అక్కడున్న తమవారిని బయటికి తెచ్చుకోవడానికి ఐరోపా దేశాలు అమెరికా సైనికుల కాపలాలో ఉన్న విమానాశ్రయం మీద ఆధారపడవలసి వచ్చింది. అమెరికా వెళ్లిపోయే గడువు దగ్గరపడగానే వీళ్లూ పని ముగించుకోవలసి వచ్చింది. ఆ అనుభవం తర్వాత, 2022 మార్చిలో ఐరోపా యూనియన్‌లోని 27 దేశాలు ఒక రక్షణ ప్రణాళికను ఆమోదించాయి. సంక్షోభం వచ్చిన చోటికి వేగంగా పంపడానికి 5,000 మంది వరకు సైనికులతో ఒక ఉమ్మడి దళం ఉండాలనీ, 2025 నాటికి అది సిద్ధం కావాలనీ అందులో రాసుకున్నాయి. 2023 అక్టోబరులో స్పెయిన్ దక్షిణ తీరంలో మొదటిసారి కలిసి విన్యాసాలు కూడా చేశాయి.

ఐదు వేల మంది అంటే మన సైన్యంలోని ఒక డివిజన్ కన్నా చాలా తక్కువ. పైగా ఇది విడిగా పెట్టిన సైన్యం కాదు. ఏ దేశపు సైనికులు ఆ దేశపు సైన్యంలోనే ఉంటారు, వంతుల ప్రకారం కొంతకాలం ఈ దళానికి పేరిస్తారు. ఇక పది కొమ్ముల మాట. 1981లో గ్రీసు చేరినప్పుడు నాటి ఐరోపా కూటమిలో సరిగ్గా పది దేశాలయ్యాయి. ఇదిగో ప్రవచనం నెరవేరిందని అప్పుడు చాలామంది ప్రసంగించారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరేసరికి పన్నెండయ్యాయి. ఇప్పుడు ఇరవై ఏడు. ప్రవచనాన్ని భక్తితో చదువుదాం. కానీ ప్రతి వార్తనూ దానికి ముడిపెట్టి సంఘాన్ని భయపెట్టడం వాక్యానికి గౌరవం తెచ్చే పని కాదు.

వార్తలో అసలు గమనించవలసింది వేరే ఉంది. ఇది ఐరోపా చేసిన మొదటి ప్రయత్నం కాదు. 1952లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఉమ్మడి సైన్యం కోసం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1954 ఆగస్టు 30న ఫ్రాన్సు పార్లమెంటే దాన్ని పక్కన పెట్టేసింది. 1999లో హెల్సింకీలో కూడి, అరవై రోజుల్లో 50,000 నుంచి 60,000 మందిని కదిలించగల శక్తి సమకూర్చుకుంటామన్నారు. ఆ మాట కాగితం మీదే మిగిలింది. 2007 నుంచి ఒక్కొక్కటి సుమారు 1,500 మందితో యుద్ధ బృందాలను వంతులవారీగా సిద్ధంగా ఉంచారు. అవి ఎన్నోసార్లు కవాతు చేశాయి. అసలు ఆపద కోసం మాత్రం ఒక్కసారీ బయలుదేరలేదు.

ఎందుకని? సైనికులు లేక కాదు, ఆయుధాలు లేక అంతకన్నా కాదు. మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు లేకపోవడం వల్ల. "వెళ్లండి" అని చెప్పేది ఎవరు? అక్కడ అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. ఖర్చు ఎవరిది? చాలా వరకు ఎవరి సైనికులను పంపితే ఆ దేశానిదే, అంటే ముందుకొచ్చినవాడి మీదే భారం. ఏదైనా జరగరానిది జరిగితే జవాబు చెప్పేది ఎవరు? ప్రతి ప్రధానమంత్రీ తన దేశపు ఓటర్లకే. ఈ మూడూ తేలేసరికి ఆపద వచ్చి పోతుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1977 నవంబర్ 19 శనివారం. దివిసీమ మీదికి, మన బాపట్ల, రేపల్లె ప్రాంతాల మీదికి ఉప్పెన వచ్చిన రోజు. అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేల మంది చనిపోయారు. అప్పుడు విపత్తు కోసమే శిక్షణ పొందిన దళం అనేది మన దేశంలో లేదు. 1999లో ఒడిశా పెను తుపాను, 2001లో గుజరాత్ భూకంపం, 2004లో మన ప్రకాశం తీరాన్ని కూడా తాకిన సునామీ వచ్చాయి. ఇన్ని దెబ్బలు తిన్నాక 2005లో విపత్తు నిర్వహణ చట్టం తెచ్చుకున్నాం. దాని కిందనే 2006లో ఎనిమిది బెటాలియన్లతో జాతీయ విపత్తు స్పందన దళం, అందరూ పిలిచే ఎన్‌డీఆర్‌ఎఫ్, మొదలైంది. నేడు 16 బెటాలియన్లు ఉన్నాయి. ఒక్కో దానిలో 1,149 మంది, నలభై అయిదేసి మందితో 18 బృందాలు.

ఈ దళం కూడా ఉమ్మడిదే. సరిహద్దు భద్రతా దళం, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ వంటి వేర్వేరు కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారే ఇందులో ఉంటారు. భాషలు వేరు, ఊళ్లు వేరు. అయినా ఒకే పడవ ఎక్కుతారు. మన ప్రాంతానికి దగ్గర్లో ఉన్నది పదో బెటాలియన్. గన్నవరం దగ్గర కొండపావులూరులో దాని ప్రాంగణాన్ని 2025 జనవరిలో ప్రారంభించారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర దాటింది. రెండు సార్లూ గాలి రాకముందే బృందాలు తీరానికి చేరాయి. వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది, రాష్ట్రం అడుగుతుంది, దళం కదులుతుంది. ఎవరు పంపాలి, జీతం, పడవ ఎవరి ఖాతాలో అన్న చర్చ ఆ రాత్రి పెట్టుకోనక్కరలేదు. అది చట్టంలో ముందే తేలిపోయింది.

ఈ పోలిక పూర్తిగా సరిపోదని కొందరు అంటారు, అది నిజమే. మనది ఒక దేశం, అక్కడ ఇరవై ఏడు. ఎన్‌డీఆర్‌ఎఫ్ చేతిలో తాడు, పడవ ఉంటాయి, ఐరోపా దళం చేతిలో తుపాకీ ఉంటుంది. తుపాకీ విషయంలో ఆలస్యం ఎప్పుడూ తప్పే అనలేం. ఇరవై ఏడు మంది ఒప్పుకుంటే తప్ప కదలని సైన్యం తొందరపడి యుద్ధానికి దిగదు కూడా. సమాధానపరచువారు ధన్యులని నమ్మే మనం ఆ కళ్లేన్ని తేలిగ్గా తీసేయమని చెప్పలేం. అయితే అదే ఐరోపా ప్రాణాలు కాపాడే పనిలో వెనుకబడలేదు. 2001 నుంచి వారికి ఒక ఉమ్మడి పౌర రక్షణ ఏర్పాటు ఉంది. 2023 ఫిబ్రవరిలో తుర్కియేలో భూకంపం వస్తే దాని ద్వారా వారి బృందాలు వెళ్లాయి, మన ఎన్‌డీఆర్‌ఎఫ్ కూడా వెళ్లింది. కాబట్టి నేర్చుకోవలసింది ఇది: చంపగల చెయ్యి పైకి లేవడానికి పదిమంది అనుమతి ఉండాలి. కాపాడే చెయ్యి కదలడానికి మాత్రం అనుమతి ముందే ఇచ్చి ఉండాలి.

మన ఏర్పాటులో లోపం లేదని కూడా అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలితే కొల్లూరు వైపు లంక గ్రామాలు జలమయమయ్యాయి. ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు, నౌకాదళ హెలికాప్టర్లు వచ్చాయి. అయినా ఎంత వేగంగా వచ్చినా మొదటి గంటలు ఎప్పుడూ పక్కింటివాడివే. ఇంకొక సంగతి, ఏ దళమూ కల్లంలో తడిసిన మిరపకాయలను, చేలో నల్లబడిన పత్తిని కాపాడదు. కౌలు రైతు అప్పు తీర్చదు. ఆ పని ఊరిది. ఆ ఊళ్లో సంఘం కూడా ఉంది.

న్యాయాధిపతుల గ్రంథం 5వ అధ్యాయం మళ్లీ ఒకసారి చదవండి. సీసెరా రథాలు మీదికి వచ్చినప్పుడు దెబోరా, బారాకులు గోత్రాలను పిలిచారు. జెబూలూను, నఫ్తాలి ప్రాణాలకు తెగించి వచ్చారు. రూబేను మాత్రం గొఱ్ఱెల దొడ్ల మధ్య కూర్చొని చాలా లోతుగా ఆలోచించాడు. గిలాదు యొర్దాను అవతలే ఆగిపోయాడు. దాను ఓడలు విడిచిపెట్టలేదు. ఆషేరు సముద్రతీరాన ఉండిపోయాడు. ఒక్కరూ శత్రువు వైపు వెళ్లలేదు. ఎవరి పనిలో వాళ్లున్నారు, అంతే. దెబోరా పాట మాత్రం వాళ్ల పేర్లు మరువలేదు.

ఐరోపా వార్త చదువుతూ రూబేను అక్కడున్నాడని వేలు చూపడం సులభం. మన సంగతేమిటి? లూథరన్లు, బాప్తిస్టులు, సీఎస్ఐ, కథోలికులు, పెంతెకొస్తు సంఘాలు ఒకే వీధిలో ఉంటాం. తుపాను వస్తే ఎవరి బియ్యం వారివే, ఎవరి బ్యానర్ వారిదే. ఒక పేటకు మూడుసార్లు దుప్పట్లు అందుతాయి, పక్క పేటకు ఒక్కసారీ అందవు. మన ఒంగోలు చరిత్రలోనే దీనికి మంచి మాదిరి ఉంది. 1876-78 కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించారు. సహాయం కోసం ఎవరూ విశ్వాసం నటించకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. అన్నానికి షరతు పెట్టలేదు. సాయానికి వెలకట్టకూడదన్న తీర్మానం పని మధ్యలోనే గట్టిగా నిలిచింది.

అందుచేత ప్రతి సంఘ కమిటీ వచ్చే తుపాను కాలానికి ముందే ఒక్క సాయంత్రం కూర్చోవాలని నా మనవి. వీలైతే పక్క సంఘం కాపరిని కూడా పిలవండి. ఆ మూడు ప్రశ్నలే రాసుకోండి. హెచ్చరిక రాగానే మందిరం తలుపులు తెరవమని చెప్పేది ఎవరు? తాళం ఎవరి దగ్గర? పట్టాలు, బియ్యం, మందులకు మొదటి రోజు ఖర్చు ఏ నిధి నుంచి? ఎవరికి అందింది, ఎవరికి అందలేదన్న లెక్క చెప్పేది ఎవరు? పేటలో నడవలేని వృద్ధులు, నిండు గర్భిణులు ఎవరో ఆ కాగితం కిందే రాసిపెట్టుకోండి. క్రైస్తవుల ఇళ్లు మాత్రమే రాస్తే ఆ జాబితా తప్పు.

మంచి సమరయుని దగ్గర నూనె ఉంది, ద్రాక్షారసం ఉంది, వాహనం ఉంది, రెండు దేనారాలున్నాయి. ఎవరినీ అడగకుండా ఆగాడు, తన డబ్బే ఇచ్చాడు, మళ్లీ వస్తానని మాట ఇచ్చాడు. మూడు ప్రశ్నలకూ జవాబు ఆ ఒక్క మనిషిలోనే ఉంది. యాజకుడూ లేవీయుడూ కూడా ఆ గాయపడినవాణ్ణి చూశారు. చూసి పక్కగా పోయారు.

ఆ యౌవనస్థుడికి నేను చెప్పిందీ ఇదే. "బాబూ, ఐరోపా సైన్యం గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు అమ్మతో కల్లానికి వెళ్లు. పట్టా రెండో కొస పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి." అతడు వెళ్లాడు. మేమిద్దరం, మరో నలుగురు కూడా వెనకాలే వెళ్లాం.